పుట్టిన తేదీ సరే, ఆ కాగితం ఎప్పుడు పుట్టింది? జూనియర్ అథ్లెటిక్స్‌లో వయసు అనుమానాలు

[తెర మీద: అనంతపురంలో ఓ మైదానం, పొద్దున 7 గంటలు. అండర్-16 బాలుర 100 మీటర్ల హీట్స్. లైన్లో నిలబడ్డవాళ్లలో ఒకడు మిగతావాళ్ల కంటే జానెడు పొడవు.]

జిల్లా సెలక్షన్లు అనంతపురంలో జరిగినా, కర్నూలులో జరిగినా, కడపలో జరిగినా, ఇట్లాంటి లైన్ నిలబడగానే గట్టు మీద నుంచి ఒక మాట వస్తుంది: "వానికి 15 ఏండ్లంటే ఎట్ల నమ్మేది సార్? మీసాలు చూడండి."

మీసాలు చూసి వయసు తేల్చలేం. మగపిల్లలు ఒక్కసారిగా పొడవయ్యే దశ సగటున 14 ఏళ్ల దగ్గర వస్తుంది, ఆడపిల్లలకు 12 దగ్గర. అది సగటు మాత్రమే. ఒక పిల్లవాడికి 12కే మొదలవుతుంది, పక్కింటివాడికి 15 దాటినా రాదు. ఆ దశలో మగపిల్లలు ఏడాదికి 9, 10 సెంటీమీటర్లు పెరుగుతారు. అందుకే ఒకే నెలలో పుట్టిన ఇద్దరిని పక్కపక్కన నిలబెడితే అన్నాతమ్ముళ్లలా కనిపించొచ్చు. ముందే ఎదిగిన పిల్లవాడిని జనం ముందు దొంగను చేయడం చాలా పెద్ద తప్పు. అట్లా అవమానపడి స్పైక్స్ విప్పేసిన పిల్లలు మళ్లీ మైదానానికి రారు.

అయితే మోసం లేదా? ఉంది. 2019లో తిరుపతిలో జరిగిన జాతీయ అంతర్ జిల్లాల జూనియర్ మీట్‌లో వయసు పరీక్ష పెడితే చాలామంది దొరికిపోయారు. పరీక్ష చేయించుకోకుండానే వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. మరి ఎట్లా పట్టుకోవాలి? కాగితాలతో మొదలుపెడదాం.

[తెర మీద: జనన ధ్రువపత్రం నమూనా. మూడు చోట్ల ఎర్ర గీత.]

జనన ధ్రువపత్రంలో మూడు తేదీలు ఉంటాయి: పుట్టిన తేదీ, నమోదు తేదీ, జారీ తేదీ. అందరూ మొదటిదే చూస్తారు. అసలు సంగతి చెప్పేది రెండోది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పుట్టిన 21 రోజుల్లోపు కబురు ఇవ్వాలి. ఏడాది దాటితే అధికారి ఉత్తర్వు కావాలి. మన దగ్గర ఆ ఫైలు ఆర్డీఓ ఆఫీసుకు వెళ్తుంది. 2011లో పుట్టినట్టున్న పిల్లవాడి నమోదు తేదీ కూడా 2011లోనే ఉంటే ఆ కాగితాన్ని చాలావరకు నమ్మొచ్చు. నమోదు 2023లో జరిగి, అదే ఏడాది పిల్లవాడు మొదటిసారి జిల్లా మీట్‌కు వచ్చి ఉంటే, ఆగి మిగతా కాగితాలు అడగాలి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. జారీ తేదీ నిన్నటిదైనా తప్పేం లేదు. పాత కాగితం పోతే సచివాలయంలోనో మీసేవలోనో కొత్త ప్రతి తీసుకుంటారు. జారీ తేదీ చూసి "ఇది కొత్తగా పుట్టించినారు" అని కేకలేయొద్దు.

ఆలస్యంగా నమోదైనంత మాత్రాన అది మోసమని కూడా కాదు. ఇంట్లో కాన్పు అయింది, తల్లిదండ్రులు బెంగళూరుకు వలస పోయారు, నమోదు సంగతి ఎవరికీ తట్టలేదు. మన మూడు జిల్లాల్లో ఇట్లాంటి ఇళ్లు తక్కువేం కాదు. అప్పుడు పక్క సాక్ష్యం వెతకాలి. అంగన్‌వాడీ రిజిస్టరు, తల్లీబిడ్డల కార్డు, టీకాల తేదీలు. ఈ కార్డుకు నేను చాలా విలువ ఇస్తాను, ఎందుకంటే బిడ్డకు నెలన్నర వయసులో టీకా వేసిన ఏఎన్ఎమ్మకు ఆ బిడ్డ ముందుముందు పరుగు పందేలకు వెళ్తాడని తెలీదు. అబద్ధం చెప్పాల్సిన అవసరం ఎవరికీ లేని రోజున రాసిన రాత అది.

[తెర మీద: బడి అడ్మిషన్ రిజిస్టరు పేజీ. పుట్టిన తేదీల వరుసలో జూన్ 1, జూన్ 1, జులై 1.]

ఈ వరుస చూసి నవ్వుకోకండి. బిడ్డ ఏ నెలలో పుట్టిందో ఇంట్లో చెప్పలేకపోతే, ఒకటో తరగతికి 5 ఏళ్లు నిండాలి కాబట్టి అయ్యవారే జూన్‌లో ఒక తేదీ వేసేవారు. దానివల్ల నెలలు అటూఇటూ అవుతాయి, ఏళ్లు మారవు.

ఏళ్లు మార్చే పద్ధతి వేరు. ఎనిమిది చదివిన పిల్లవాడు టీసీ తీసుకోకుండా ఇంకో ఊళ్లో మళ్లీ ఆరో తరగతిలో చేరతాడు, కొత్త పుట్టిన తేదీతో. దీన్ని పట్టుకోవాలంటే గొలుసు చూడాలి. ప్రైమరీ స్కూల్ రికార్డ్ షీటు, దాని నుంచి హైస్కూల్ అడ్మిషన్, తర్వాత టీసీ. ఒక లింకు తెగిందంటే ఎందుకు తెగిందో అడగాలి. బడిలో ప్రతి పిల్లవాడికీ ఇచ్చే శాశ్వత విద్యా సంఖ్య, అంటే పెన్ నంబరు, బడి మారినా మారదు, దాంతో పాత బడి బయటపడుతుంది. ఒక చిన్న లెక్క కూడా పెట్టుకోండి: తొమ్మిదో తరగతిలో ఉన్నవాడికి కాగితంలో 11 ఏళ్లుంటే, 3 ఏళ్లకే ఒకటో తరగతిలో చేరినట్టు.

ఇంకోటి, తమ్ముడి పేరు మీద అన్న పరుగెత్తడం. కుటుంబంలో అందరి తేదీలు వరుసగా రాసుకోండి. ఇద్దరు తోబుట్టువుల మధ్య 5 నెలల తేడా వచ్చిందంటే ఏదో ఒక కాగితం తప్పు.

ఆధార్ చూపిస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని ఆధార్ ఇచ్చే సంస్థే 2023 డిసెంబరులో చెప్పింది, సుప్రీంకోర్టు 2024లో వయసు తేల్చడానికి దాన్ని ఆధారంగా తీసుకోలేమంది. మనిషి ఎవరో తేల్చుకోవడానికి వాడండి, అంతే.

[తెర మీద: ఎడమ చేతి ఎక్స్‌రే. 13 ఎముకలు ఒక్కొక్కటిగా వెలుగుతాయి.]

కాగితాలు తేల్చకపోతే ఎముక పరీక్ష. దీన్ని టీడబ్ల్యూ3 పద్ధతి అంటారు. ఎడమ చెయ్యి, అరచెయ్యి కిందికి, వేళ్లు కొద్దిగా విడదీసి, ఎక్స్‌రే తీస్తారు. ముంజేతి ఎముకలు రెండు, బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలు వరుసల్లోవి 11, మొత్తం 13 ఎముకలు చూస్తారు. ఎముక చివర ఎదిగే పొర ఉంటుంది. అది ఎంత మూసుకుపోయిందో చూసి ఒక్కో ఎముకకు మార్కులు వేస్తారు. మొత్తం 1000 వస్తే ఎముకల ఎదుగుదల పూర్తయినట్టు. మగపిల్లల్లో 1000 అంటే ఎముక వయసు 16.5, ఆడపిల్లల్లో 15.

ఆ రెండు అంకెలు గట్టిగా గుర్తుపెట్టుకోండి, ఈ పరీక్ష బలహీనత అందులోనే ఉంది. 17 ఏళ్లవాడికీ 1000 వస్తుంది, 21 ఏళ్లవాడికీ 1000 వస్తుంది. అంటే అండర్-18, అండర్-20లో ఈ ఎక్స్‌రే ఏమీ చెప్పదు. ఆడపిల్లలకు అండర్-16లోనే చిక్కు మొదలవుతుంది, 15 ఏళ్ల అమ్మాయికి 1000 రావడం మామూలే. ఫుట్‌బాల్‌లో ఫిఫా అండర్-17 బాలురకు 2009 నుంచి మణికట్టుకు ఎంఆర్ఐ తీస్తోంది. దాంట్లోనూ తేలేది ఎముక అతుక్కుందా లేదా అన్నదే. పుట్టిన రోజు దాంట్లో కనబడదు.

ఎక్స్‌రే తప్పేదెక్కడ? చెయ్యి పక్కకు తిరిగినా, వేళ్లు ముడుచుకున్నా ఎముక చివర సరిగా కనపడదు. మళ్లీ తీయాలి. చిన్నప్పటి నుంచి తిండి సరిగా లేని పిల్లల ఎముకలు ఆలస్యంగా ఎదుగుతాయి, కాబట్టి 17 ఏళ్లవాడు 15 అని తేలొచ్చు. బాగా తిని త్వరగా ఎదిగిన నిజమైన 15 ఏళ్లవాడు 16.5 అని తేలొచ్చు. అందుకే ఎక్స్‌రేలో ఎక్కువ వచ్చిన ప్రతివాడూ అబద్ధం చెప్పినట్టు కాదు. ఆ కేటగిరీలో ఆడే అర్హత లేదని మాత్రమే అర్థం. ఈ రెండింటికీ తేడా పిల్లవాడికి, ఇంట్లోవాళ్లకు మీరే విడమరిచి చెప్పాలి. ఇక, ఒకరి బదులు ఇంకొకరు చెయ్యి పెట్టడం కూడా జరగొచ్చు. ఎక్స్‌రే గదిలోనే ఫోటో తీసి, ఫిల్మ్ మీద చెస్ట్ నంబరు వేయించాలి.

[తెర మీద: మూడు ఇనుప గుండ్లు. 5 కిలోలు, 6 కిలోలు, 7.26 కిలోలు.]

"రెండేళ్లు తగ్గిస్తే ఏం పోతుంది సార్, ఒక మెడల్ వస్తుంది కదా" అనే తల్లిదండ్రులకు ఈ గుండ్లు చూపించండి. అండర్-18 బాలురు 5 కిలోలు విసురుతారు, అండర్-20 వాళ్లు 6, పెద్దవాళ్లు 7.26. రెండేళ్లు తగ్గించుకున్న కుర్రాడు కాగితంలో 18 వచ్చి 6 కిలోల గుండు పట్టేసరికి అసలు వయసు 20. అతని ఈడువాళ్లు అప్పటికే 7.26తో సాధన చేస్తున్నారు. 110 మీటర్ల హర్డిల్స్‌లో దాటాల్సిన అడ్డంకుల ఎత్తు కూడా అంతే: 91.4 సెంటీమీటర్లు, తర్వాత 99.1, తర్వాత 106.7. తక్కువ ఎత్తుకు అలవాటుపడ్డ అడుగుల లెక్క 20 దాటాక మార్చుకోవడం చాలా కష్టం. పక్క లైన్లో నిజంగా 15 ఏళ్లున్న పిల్లవాడు నాలుగో స్థానంలో మిగిలి, స్పోర్ట్స్ స్కూల్ సీటు పోగొట్టుకుని, ఊరెళ్లి ఆట మానేస్తాడు. వానికి ఎవరు జవాబు చెప్తారు?

[తెర మీద: పీఈటీ సారు రిజిస్టరు. పేరు, తేదీ, ఎత్తు.]

పీఈటీ సార్లు, మేడమ్స్ చేయగలిగిన పని ఒకటుంది. పిల్లవాడు మైదానంలోకి వచ్చిన మొదటి వారంలోనే, అంటే ఇంకా ఏ మెడలూ లేనప్పుడే, జనన ధ్రువపత్రం, రికార్డ్ షీటు, టీకాల కార్డు నకళ్లు తీసి ఫైల్లో పెట్టండి. మూడు నెలలకోసారి చెప్పుల్లేకుండా ఎత్తు కొలవండి, ప్రతిసారీ పొద్దున్నే. సాయంత్రానికి మనిషి ఒక సెంటీమీటరు దాకా తగ్గుతాడు. కాగితంలో 14 ఉన్న మగపిల్లవాడు ఏడాదంతా అర సెంటీమీటరు కూడా పెరగలేదంటే, కాగితాలు మళ్లీ చూడాల్సిందే.

తేదీలో నిజంగానే పొరపాటు ఉంటే పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) వెళ్లకముందే సరిచేయించండి. మార్కుల మెమో మీద అచ్చయ్యాక చాలా తిరగాల్సి వస్తుంది. కేటగిరీలు కూడా కలపొద్దు. బడి ఆటల్లో అండర్-14, 17, 19. అథ్లెటిక్స్ సంఘం మీట్లలో 14, 16, 18, 20. పోటీ ప్రకటనలో ఏ తేదీ నుంచి ఏ తేదీ మధ్య పుట్టినవాళ్లు అర్హులో ఉంటుంది, ఆ వరుస చదివాకే ఎంట్రీ పంపండి.

ఇతర జట్టు పిల్లవాడి మీద అనుమానం ఉంటే, పోటీ మొదలయ్యే ముందే టెక్నికల్ డెలిగేట్‌కు, అంటే పోటీలు నిబంధనల ప్రకారం జరిగేలా చూసే అధికారికి, రాతపూర్వకంగా ఇవ్వండి. ఆయన నిర్ణయం నచ్చకపోతే అప్పీళ్లు వినే జ్యూరీకి వెళ్లొచ్చు. అప్పటికప్పుడు తేలకపోతే ఆ పిల్లవాడు అభ్యంతరం కిందే పరుగెత్తుతాడు, ఫలితం తర్వాత ఖాయం చేస్తారు. నిబంధన అదే. వాట్సాప్ గ్రూపులో వాడి ఫోటో, కాగితాలు పెట్టి "చూడండి వీని వయసు" అనడం ఫిర్యాదు కిందికి రాదు. మీరిచ్చే కాగితంలో చెస్ట్ నంబరు, ఈవెంటు, మీరు చూసిన నమోదు తేదీ, తెగిన లింకు ఏదో రాసి సంతకం పెట్టండి. పిల్లవాడి మీసాల ప్రస్తావన అందులో వద్దు.