రేపేంటో తెలియనప్పుడు దేవుని నడిపింపు

అందరికీ వందనాలు. ఈరోజు వీడియోలో మీకు కనిపించేవి మామూలు ఇంటి పనులే, ఉతికిన బట్టలు మడతపెట్టాలి, పాప గది సర్దాలి, తర్వాత బ్యాంకు కాగితాలు కొన్ని స్కాన్ చేయాలి. మాట్లాడాలనుకున్న విషయం మాత్రం వేరే. మా ఆయన ప్రాజెక్ట్ ఆగిపోయిందని, కొత్త ఉద్యోగం వెతుక్కుంటున్నారని కిందటి వీడియోలో చెప్పాను కదా, అది చూసి మేమూ అలాగే ఉన్నామండీ అని చాలామంది రాశారు. ఒకరు వీసా రెన్యువల్‌కి పంపి ఎదురుచూస్తున్నారు. ఇంకొకరు ఈ పరాయి దేశంలోనే ఉండాలా, అన్నీ సర్దుకుని వెనక్కి వెళ్లిపోవాలా తేల్చుకోలేకపోతున్నారు. ఒక చెల్లికైతే అక్కడ అమ్మకి ఒంట్లో బాగోలేదు, ఇక్కడ పాస్‌పోర్టేమో వీసా స్టాంపింగ్‌కి వెళ్లి ఇంకా తిరిగి రాలేదు. దేవుడు నడిపిస్తాడని నమ్ముతున్నాం అక్కా, కానీ ఎటు నడిపిస్తున్నాడో ఎలా తెలుస్తుంది అని అడిగింది.

ఈ ప్రశ్నకి నాకు ఆధారం దొరికిన చోటు బైబిల్లో యిర్మీయా ప్రవక్త గ్రంథం 29వ అధ్యాయం. అందులో 11వ వచనం మనందరికీ కంఠతా వచ్చు, “సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు” అన్నది. క్యాలెండర్ల మీద, ఫోన్ వాల్‌పేపర్ల మీద అదే ఉంటుంది. కానీ ఆ మాట ఎవరికి రాశారో చూడండి. క్రీ.పూ. 597లో యూదా రాజు యెకొన్యాతో పాటు యెరూషలేము నుంచి బబులోనుకి (ఇప్పటి ఇరాక్‌లో ఉంది) చెరగా, అంటే బందీలుగా వెళ్లినవాళ్లకి యిర్మీయా రాసిన ఉత్తరం అది. భాష వేరు, దేవుళ్లు వేరు, చట్టం వేరు, ఎప్పుడు ఇంటికి వెళ్తామో తెలియదు. వాళ్లని బలవంతంగా తీసుకెళ్లారు, మనం ఇష్టపడి వచ్చాం, ఆ తేడా చాలా పెద్దదే. అయినా పరాయి ఊళ్లో కూర్చుని “తర్వాత ఏంటి ప్రభువా” అని అడగడం ఎలా ఉంటుందో మనకి కొంచెమైనా తెలుసు కదా.

ఆ ఉత్తరం వెళ్లే సమయానికి హనన్యా అనే ప్రవక్త ఇంకోలా చెప్తున్నాడు, రెండేళ్లలో అందరూ తిరిగి వచ్చేస్తారని (28వ అధ్యాయంలో ఉంటుంది చదవండి). వినడానికి ఎంత బాగుందో! యిర్మీయా మాత్రం 70 ఏళ్లు అన్నాడు. ఆ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది బబులోనులోనే కన్నుమూస్తారన్నమాట. హనన్యా చెప్పింది దేవుడు చెప్పిన మాట కాదు. అందుకే ఈ నెలాఖరుకల్లా నీకు ఆఫర్ లెటర్ వస్తుంది, ప్రభువు నాకు చూపించాడు అని ఎవరైనా చెప్తే నేను ఆగి ఆలోచిస్తాను. దేవుడు మాట్లాడడని కాదు, ఆయన నిజంగా మాట్లాడతాడనే నా నమ్మకం, అందుకే ఆయన పేరు పెట్టి చెప్పే ప్రతి మాటనీ వాక్యంతో సరిచూసుకోవాలి. టెన్షన్‌లో ఉన్న మనిషికి త్వరగా అయిపోతుంది అన్న మాట చాలా తియ్యగా ఉంటుంది, ఆ సమయంలోనే మనం ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

మరి ఆ 70 ఏళ్లూ దేవుడు వాళ్లని ఏం చేయమన్నాడు? నాకు చాలా ఇష్టమైన భాగం ఇదే, 5వ వచనం నుంచి 7 దాకా. ఇళ్లు కట్టుకుని కాపురముండండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, పెళ్లిళ్లు చేసుకుని పిల్లల్ని కనండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి, దాని క్షేమమే మీ క్షేమం అన్నాడు. వాళ్లని చెరపట్టిన ఊరి కోసం ప్రార్థన చేయమంటున్నాడండీ! 70 ఏళ్ల తర్వాత మిమ్మల్ని దర్శిస్తాను అని గడువు చెప్పాడు గానీ మధ్యలో ఏ సంవత్సరం ఏం జరుగుతుందో ఒక్క ముక్క చెప్పలేదు. ఈరోజు చేయాల్సింది మాత్రం చాలా స్పష్టంగా చెప్పాడు. నడిపింపు అంటే ముందు జరగబోయేదంతా తెలిసిపోవడం అనుకుంటాం కదా, ఆ ఉత్తరంలో అలా లేదు.

మా ఇంట్లో ఇది ఎక్కడ పనికొచ్చిందంటే, లీజు దగ్గర. ఇంటి లీజు అయిపోవచ్చింది, రెన్యూ చేయాలా వద్దా అని ఓనర్ అడుగుతున్నారు. చేస్తే, ఉద్యోగం వేరే ఊళ్లో వస్తే మధ్యలో వదిలేయాలి. చేయకపోతే పాప స్కూల్ మార్చాలి. ఇద్దరం కూర్చుని ప్రార్థన చేసుకున్నాం, ఏ స్వరమూ వినపడలేదు, కల కూడా రాలేదు. యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలో జ్ఞానం కొదువైతే దేవుణ్ణి అడగండి, ఆయన గద్దించకుండా ధారాళంగా ఇస్తాడని ఉంది, ఆ జ్ఞానమే అడిగాం. తర్వాత మా పాస్టర్ గారితో మాట్లాడాం, మాకంటే ముందు ఇలాంటిది చూసిన సంఘంలోని ఒక అన్నయ్య వాళ్లని అడిగాం, లీజు కాగితాలు లైన్ బై లైన్ చదివాం. ముందుగా నోటీసు ఇచ్చి ఖాళీ చేసే వీలుందని అందులోనే ఉంది. రెన్యూ చేశాం. సంతకం పెట్టాక ఇద్దరి మనసులోనూ నెమ్మది ఉంది. ఇది నాకు నిజమైన నడిపింపే. కాగితం చదవడం, పెద్దవాళ్లని అడగడం విశ్వాసం తక్కువై చేసే పనులు కావు, ఆలోచన చెప్పేవాళ్లు లేనిచోట ఉద్దేశాలు వ్యర్థమవుతాయని సామెతల్లోనే ఉంది. వీసా విషయాల్లో లాయర్‌ని అడగండి. ప్రార్థన చేసి అడగండి.

ఇక మూసుకుపోయిన తలుపుల సంగతి. ఇంటర్వ్యూ చివరి రౌండ్ దాకా వెళ్లి ఆగిపోయినప్పుడు మనసుకి ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు అపొస్తలుల కార్యములు 16 చదువుతాను. పౌలు, సీల వెళ్లాలనుకున్నది ఆసియకి, అంటే ఇప్పటి టర్కీకి పడమటి భాగం. పరిశుద్ధాత్మ ఆటంకపరిచాడు. బితూనియకి వెళ్లబోయారు, అక్కడికీ వెళ్లనివ్వలేదు. ఎందుకో రాసి లేదు. సువార్త చెప్పడానికే కదా వెళ్తున్నారు, అంత మంచి పనికి అడ్డమేంటి అని నాకైతే ఎన్నోసార్లు అనిపించింది. చివరికి సముద్రం ఒడ్డున త్రోయకి చేరాక మా దగ్గరికి రమ్మని పిలుస్తున్న మాసిదోనియ మనిషి దర్శనం వచ్చింది, ఓడెక్కి మాసిదోనియలోని ఫిలిప్పీకి వెళ్లారు. అక్కడ నది ఒడ్డున వాక్యం విని హృదయం తెరిచిన స్త్రీ లూదియ. ఆమె ఊరు తుయతైర. తుయతైర ఎక్కడుందో తెలుసా, ఆసియలోనే! వెళ్లొద్దన్న ప్రాంతపు మనిషే ఇంకో దేశంలో ఎదురైంది. ఇది గమనించినప్పుడు నేను బైబిల్ పక్కన పెట్టి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

అలాగని ఫిలిప్పీలో అంతా సాఫీగా జరిగిందా అంటే లేదు. అదే ఊళ్లో పౌలునీ సీలనీ బెత్తాలతో కొట్టి చెరసాలలో వేశారు. దర్శనం చూసి, సరిగ్గా దేవుడు పిలిచిన చోటికే వెళ్లినవాళ్లకి ఇలా జరిగింది. కాబట్టి కష్టం వచ్చిందంటే దారి తప్పామని వెంటనే తేల్చేసుకోకండి. నాకు ఇబ్బందిగా ఉంది కాబట్టి ఇది దేవుని చిత్తం కాదు, సులువుగా దొరికింది కాబట్టి ఇదే ఆయన చిత్తం, ఈ లెక్క బైబిల్లో కుదరదు. ఏదో ఒక పేజీ తెరిచి వేలు పెట్టి, అక్కడ పడిన వచనాన్ని బట్టి ఉద్యోగం ఒప్పుకోవడం కూడా నాకు సరి అనిపించదు. రోజూ చదువుకుంటూ ఉంటే అవసరమైనప్పుడు అవసరమైన మాట గుర్తుకొస్తుంది, కీర్తన 119లో వాక్యం పాదాలకు దీపం అన్నారు కదా, దీపం పట్టుకుంటే వెయ్యాల్సిన అడుగు వరకు కనిపిస్తుంది.

భయం అసలు లేదా అంటే ఉంది. రాత్రిళ్లు లెక్కలు వేసుకుంటాం, సేవింగ్స్ ఎన్నాళ్లు వస్తాయి, పాపకి ఏమని చెప్పాలి అని. అప్పుడు అదే బబులోను చెరలో పెరిగిన ముగ్గురు యువకులు గుర్తొస్తారు, షద్రకు, మేషాకు, అబేద్నెగో. తన ప్రతిమకి మొక్కకపోతే అగ్నిగుండంలో వేయిస్తానని రాజు బెదిరిస్తే, మా దేవుడు రక్షించగలడు, ఒకవేళ రక్షించకపోయినా నీ ప్రతిమకి మొక్కం అని రాజు ముఖం మీద చెప్పారు. ఆ “రక్షించకపోయినా” అన్న మాట మేం ఇద్దరం కలిసి ప్రార్థనలో పలకడం మొదలుపెట్టాం. మొదట్లో నోరు రాలేదు. ప్రభువా, ఈ ఉద్యోగం నువ్వు ఇవ్వగలవు, ఇవ్వకపోయినా మేం నీవాళ్లమే. ఇలా చెప్పాక ఫోన్ మోగితే గుండె దడ తగ్గిందని మా ఆయన అన్నారు.

మా సంగతి ఇంకా తేలలేదు. రెండు చోట్ల ఇంటర్వ్యూలు నడుస్తున్నాయి, ఒకటి ఈ ఊళ్లోనే, ఇంకోటి వేరే దేశంలో. రెండూ వస్తే ఏది తీసుకోవాలన్నది ఇప్పుడే ఆలోచించకూడదని అనుకున్నాం, వచ్చాక మళ్లీ కూర్చుని అడుగుతాం. మీరు ఎదురుచూస్తున్న విషయం ఏదైనా ఉంటే రాయండి, పేరు రాయడం ఇష్టం లేకపోతే విషయం మాత్రం రాసినా చాలు, శుక్రవారం రాత్రి మా ఆన్‌లైన్ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుంటాం. పాస్‌పోర్టు కోసం చూస్తున్న చెల్లీ, మీ అమ్మగారి కోసం మేం ఇప్పటికే మొదలుపెట్టాం. పాప వచ్చే టైమైంది, ఇంకా ఆ కాగితాలు స్కాన్ చేయలేదు, ఉంటానండీ.