ఒకటో తరగతిలో అక్షరాల కంటే ముందు మాట

నమస్తే అండి. ఈ రోజు ఒకటో తరగతి గురించి మాట్లాడుకుందాం. నేను పనిచేసేది నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు ఒక తండా బడిలో. పిల్లలు 60 మంది లోపు ఉంటే ఇద్దరు టీచర్లు అని విద్యాహక్కు చట్టం లెక్క. అంటే అయిదు తరగతులకు మేం ఇద్దరమే. మా సార్ మూడు, నాలుగు, అయిదు చూసుకుంటారు. ఒకటి, రెండు తరగతులు ఒకే గదిలో నా దగ్గర కూర్చుంటాయి.

జూన్‌లో బడి తెరిచిన పది రోజులకే తల్లిదండ్రులు గేటు దగ్గర ఆపి అడుగుతారు. "మేడమ్, మావోనికి అ ఆలు వచ్చినయా?" వాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది. పక్కింటి పిల్ల ప్రైవేటు స్కూలు బస్సెక్కి పోయి, సాయంత్రానికి నోటుబుక్కులో రెండు పేజీలు నింపుకుని వస్తుంది. నేను మాత్రం, "ఇంకా రాలేదన్నా, కానీ క్లాసులో మాట్లాడుతున్నాడు" అంటాను. ఆయన ముఖం చిన్నబోతుంది. మాట్లాడటం ఎందుకంత ముఖ్యమో ఆయనకు గేటు దగ్గర నిలబడి రెండు నిమిషాల్లో చెప్పలేను. అందుకే ఈ వీడియో.

నా మొదటి సంవత్సరం సంగతి చెప్తాను. నేను చదువుకున్నట్టే చెప్పాను. అ నుంచి ఱ వరకు చార్టు, బెత్తంతో ఒక్కో అక్షరం చూపించడం, పిల్లలంతా గట్టిగా అనడం. దసరా నాటికి అందరూ కళ్లు మూసుకుని కూడా చెప్పేవాళ్లు. నేను చాలా సంతోషపడ్డాను. ఒకరోజు ఒక బాబును పిలిచి 'డ' మీద వేలు పెట్టి "ఇదేంటి నాన్నా?" అని అడిగాను. వాడు చార్టు మొదటికి పోయి, అ, ఆ, ఇ, ఈ అని ఒక్కో గడి మీద వేలు జరుపుకుంటూ వచ్చి, 'డ' దగ్గర ఆగి "డ" అన్నాడు. వాడికి అక్షరమాల పాటలా వచ్చింది, అక్షరం రాలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంకో సంగతి అంతకంటే పెద్దది. మా పిల్లలు ఇంట్లో మాట్లాడేది గోర్ బోలి, అంటే లంబాడీ భాష. వాళ్లకు అమ్మ అంటే యాడి. నీళ్లు అంటే పాణి. "అ అంటే అమ్మ" అని నేను ఎంత ప్రేమగా చెప్పినా, ఆ పిల్లకు తన తల్లి గుర్తుకు రాదు. చార్టులో చీర కట్టుకున్న ఎవరో ఆవిడ బొమ్మ కనిపిస్తుంది, అంతే. దాహం వేస్తే ఏమని అడగాలో తెలియక మధ్యాహ్నం దాకా ఓర్చుకుని కూర్చున్న పిల్లలు నా క్లాసులో ఉన్నారు. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే ఇప్పుడు మొదటి మూడు నెలలు పలక మీద రాయించడానికి తొందరపడను. ఇది నా సొంత పద్ధతేం కాదు. ఒకటో తరగతిలో చేరిన పిల్లలకు మొదటి మూడు నెలలు ఆటపాటలతో నడపాలని 2021లో కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం విద్యాప్రవేశ్ వచ్చింది. మన తెలంగాణలో 2022లో, చిన్న తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కల పునాది వేసే తొలిమెట్టు కార్యక్రమం మొదలైంది. కాగితం మీద దారి ఉంది. క్లాసులో ఆ మూడు నెలలు ఓపిక పట్టడమే కష్టం.

పొద్దున పిల్లలు లోపలికి రాగానే గోడకు వేలాడే గుడ్డ సంచి దగ్గరికి వెళ్తారు. అందులో ఎవరి పేరు చీటీ వాళ్లకు ఉంటుంది. తన చీటీ వెతికి తీసి, 'వచ్చాను' అని రాసిన పక్క సంచిలో వేయాలి. మొదటి వారం చీటీ మూల ఒక బొమ్మ ఉంటుంది, ఒకరికి మేక, ఒకరికి గొడుగు. రెండో వారం తర్వాత బొమ్మ కత్తిరించేస్తాను. అలా పిల్ల చదివే మొదటి మాట తన పేరే అవుతుంది. కొన్నాళ్లకు వాళ్లే పట్టుకుంటారు, "మేడమ్, నా పేరులో ఉన్నదే వీడి పేరులో కూడా ఉంది!" అని. 'ర' అనే అక్షరం మా క్లాసులోకి అలా వస్తుంది. నేను తెచ్చేది కాదు.

తర్వాత అరగంట మాటలు. రోజూ ఒక వస్తువు తెస్తాను. జొన్న కంకి, పత్తి కాయ, మేక మెడలో గంట. దాని గురించి ఎవరికి తోచింది వాళ్లు చెప్తారు, ఏ భాషలోనైనా సరే. నాకు అర్థం కానిచోట రెండో తరగతి పిల్లలే దుబాసీలు. వాళ్లు అందులో చూపించే పెద్దరికం చూడాలి మీరు! పిల్లలు చెప్పిన మాటల్లో ఒకటి బోర్డు మీద రాస్తాను. 'యాడి' అని మొదటిసారి తెలుగు అక్షరాల్లో రాసి చదివిన రోజు, క్లాసంతా ఒక్క నిమిషం నిశ్శబ్దం. తర్వాత ఒకటే గోల. తమ ఇంటి మాట బోర్డు మీదికి ఎక్కుతుందని వాళ్లకు అప్పటిదాకా తెలియదు.

ఇక అక్షరాలు. గుణింతం, వత్తు లేని మాటలు ముందు తీసుకుంటాను. తల, జడ, వల, పలక, గడప. ఒకేలా కనిపించే అక్షరాలను ఒకే వారంలో చెప్పను. ప, వ పక్కపక్కన పెడితే పిల్లలు తికమకపడతారు. 'వ' బాగా కుదిరాక 'ప' తెచ్చి, "తలకట్టు అంటుకుందా, విడిగా ఉందా?" అని వాళ్లనే చూడమంటాను. 'వ'కు తోక తగిలిస్తే 'మ'. ఇసుకలో వేలితో రాస్తారు, బలపం తర్వాత.

లెక్కల్లో చింతగింజలు, చీపురు పుల్లలు చాలు. ఇరవై మూడు రాయమంటే చాలామంది 203 రాస్తారు. దాన్ని తప్పు అని కొట్టేయకండి. ఇరవై విన్నారు, 20 రాశారు. మూడు విన్నారు, పక్కన 3 పెట్టారు. విన్నది విన్నట్టు రాశారు పాపం. పది పుల్లలు రబ్బరు బ్యాండుతో కట్ట కడితే, రెండు కట్టలు, మూడు విడి పుల్లలు. ఆ రెండు, ఆ మూడు రాయమంటే వారం పది రోజుల్లో కుదురుకుంటుంది. ఒకటో తరగతి అయ్యేసరికి 99 వరకు అంకెలు, నాలుగైదు చిన్న మాటలున్న వాక్యం చదవడం రావాలని కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యం పెట్టింది. మొదటి మూడు నెలలు మాటలకు ఇచ్చినా మా పిల్లల్లో ఎక్కువమంది అక్కడికి చేరుతున్నారు. ఇది తల్లిదండ్రులు వినాలని చెప్తున్నాను.

చేరలేని పిల్లలు ఎవరంటే, ఎక్కువగా బడికి రాలేనివాళ్లు. అక్టోబరు నుంచి పత్తి ఏరే రోజులు. అమ్మానాన్నలతో పిల్లలూ చేను దగ్గరే ఉండిపోతారు, కొందరు నెలంతా. మొదట్లో కోపం వచ్చేది నాకు. ఇంట్లో పెద్దవాళ్లు లేనప్పుడు ఆరేళ్ల పిల్లను ఎక్కడ వదిలిపెడతారు చెప్పండి? ఇప్పుడు అలా వెళ్లే పిల్లలకు చిన్న గుడ్డ సంచి ఇస్తాను. అందులో వచ్చిన మాటల చీటీలు పది, గుప్పెడు చింతగింజలు, కొన్ని ఖాళీ చీటీలు, ఒక పెన్సిల్ ముక్క. రోజూ పడుకునే ముందు చీటీలు అమ్మకు చదివి వినిపించాలి. చదువు రాని అమ్మ అయినా పర్వాలేదు, వింటే చాలు.

పోయిన ఏడాది అలా వెళ్లిన ఒక పాప నవంబరు చివర్లో తిరిగి వచ్చింది. సంచి మాసిపోయింది, గింజలు సగం లేవు. చీటీలు లెక్కపెడితే పదకొండు. పదకొండోది నేను రాసింది కాదు. పెన్సిల్ గట్టిగా నొక్కి, వంకర టింకరగా 'పతి' అని ఉంది. "ఇదేంటమ్మా?" అంటే, కిటికీలోంచి చేను వైపు చెయ్యి చూపించింది.

పత్తి అని రాసింది. వత్తు నేనింకా చెప్పనే లేదు. మర్నాడు పొద్దున ఆ చీటీనే బోర్డుకు అంటించి, క్లాసులో 'త' వత్తు మొదలుపెట్టాను.