అడాప్టర్ పెడితే చాలదా సార్?

యాంకర్: విజయవాడ నుంచి కాలర్ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా, ముందు మీ టీవీ సౌండ్ కాస్త తగ్గించండి.

కాలర్: తగ్గించానండి. మా అబ్బాయి డాలస్ నుంచి వచ్చేస్తూ యాంప్లిఫయర్, పాత రికార్డ్ ప్లేయర్ తెచ్చాడు. ప్లగ్గుల పిన్నులు రేకుల్లా చదునుగా ఉన్నాయి, మన సాకెట్లో దిగవు. మావారు బీసెంట్ రోడ్డులో ట్రావెల్ అడాప్టర్ కొనుక్కొచ్చారు. పెట్టేయమంటారా?

నిపుణుడు: వద్దమ్మా! ఇంకా పెట్టలేదు కదా?

కాలర్: లేదండీ, అబ్బాయి ఆపాడు.

నిపుణుడు: బతికించాడు. అడాప్టర్ మార్చేది పిన్నుల ఆకారం ఒక్కటే, కరెంటు మాత్రం మన 230 వోల్టులూ నేరుగా లోపలికి పోతుంది. అమెరికా ఇళ్లలో వచ్చేది 120. ఫ్యూజు ఒక్కటే పోతే మీ అదృష్టం, లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాలితే మాత్రం దానికి జోడు దొరకబుచ్చుకోవడం మాటలు కాదు. యాంప్లిఫయర్ వెనక వైరు వచ్చే చోట చిన్న అక్షరాలుంటాయి, చదవమనండి.

కాలర్: 120 వోల్టులు, 60 హెర్ట్జ్, 300 వాట్లు అంటున్నాడండి.

నిపుణుడు: 100 నుంచి 240 అని ఉండుంటే అడాప్టరే సరిపోయేది, ల్యాప్‌టాప్ ఛార్జర్లు చాలావరకు అలాంటివే. కొన్ని యాంప్లిఫయర్లకి 115, 230 అని మార్చుకునే స్విచ్ ఉంటుంది. అది కూడా లేకపోతే వోల్టేజీ తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాల్సిందే. 300 వాట్లకి 300ది కొనకండి, 750 తీసుకోండి, ఊపిరాడుతుంది దానికి. హెయిర్ డ్రయ్యర్ల కోసం అమ్మే తేలికపాటి కన్వర్టర్ల జోలికి పోకండి, అవి కరెంటు తరంగాన్ని ముక్కలుగా కోసి పంపుతాయి, ఆడియోకి పనికిరావు. షాపులో చేత్తో ఎత్తి చూడండి, బరువుండాలి.

కాలర్: రికార్డ్ ప్లేయర్ కూడా దానికే పెట్టుకోవచ్చా?

నిపుణుడు: అసలు తిరకాసంతా అక్కడే ఉందమ్మా. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ తగ్గిస్తుంది గానీ ఫ్రీక్వెన్సీని, అంటే కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ హెర్ట్జ్ లెక్కని, ముట్టుకోదు. అక్కడ 60, మనకి 50. పాత ప్లేయర్లలో చాలావాటికి మోటారు వేగం ఆ ఫ్రీక్వెన్సీని బట్టే ఉంటుంది, అలాంటిదైతే నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన పళ్లెం 28 దగ్గరే ఆగిపోతుంది. ఘంటసాల గారి రికార్డు వేశారనుకోండి, పాట మూడు స్వరస్థానాలు కిందికి దిగి నిద్రమత్తులో పాడినట్టుంటుంది! మీది డీసీ మోటారుదైతే ఈ బాధ లేదు. డీసీ మోటారు కాకపోతే మాత్రం 50 హెర్ట్జ్‌కి సరిపోయే పుల్లీ, అంటే మోటారు ఇరుసుకుండే చిన్న చక్రం, ఆ మోడల్‌కి దొరుకుతుందేమో వెతికించండి, అది దొరికేదాకా రికార్డులు బయటికి తీయకండి.

యాంకర్: కరీంనగర్ నుంచి ఇంకో కాలర్. చెప్పండన్నా.

కాలర్: నమస్తే సార్, దుబాయ్ నుంచి హోమ్ థియేటర్ తెచ్చిన. దానికీ ట్రాన్స్‌ఫార్మర్ కావాలా?

నిపుణుడు: అక్కర్లేదు తమ్ముడూ, అక్కడ కూడా 230 వోల్టులు, 50 హెర్ట్జే. బలిసిన మూడు పిన్నుల ప్లగ్గు కదా, తేడా అంతా అందులోనే. వైరు సెట్టు వెనక నుంచి ఊడొస్తుందా?

కాలర్: వస్తుంది సార్, కంప్యూటర్ వైరు లెక్కనే ఉంది.

నిపుణుడు: అయితే కోసుడు లేదు, అతుకుడు లేదు. కంప్యూటర్ షాపులో మన త్రీ పిన్ వైరు కొని తగిలించు, అయిపోయింది.

కాలర్: ఇంకొకటి సార్. మా దోస్తు ఇంట్లో పెట్టి చూస్తే గుయ్యిమని ఒకటే సౌండు. ఎర్త్ పిన్ను విరగ్గొడితే పోతుందంటున్నాడు.

నిపుణుడు: ఆ పని మాత్రం చెయ్యకు! లోపల ఎక్కడైనా వైరు తెగి బాడీకి తగిలితే, ఆ షాకు నువ్వే తినాలి. టీవీ, సెట్‌టాప్ బాక్సు, హోమ్ థియేటర్ మూడూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెట్టు. అప్పటికీ గుయ్యిమంటే కేబుల్ టీవీ వైరు ఊడదీసి విను. సౌండు ఆగిందా, దొంగ ఆ వైరే, కేబుల్ అతన్ని పిలువు.