తీయించని ఈసీజీ

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, పిల్లలకు నమస్కారం. సైన్స్ డే రోజు గుండె గురించి, అయాన్ చానెళ్ల గురించి మాట్లాడమన్నారు. దేవరకొండ నుంచి ఆరింటి బస్సుకే బయల్దేరి నల్లగొండకు వచ్చాను, పొగడ్తలు వద్దు.

గుండె కణం గోడలో సన్నని దారులుంటాయి, అయాన్ చానెళ్లంటే అవే. సోడియం లోపలికి దూకితే కణం కదులుతుంది. పొటాషియం బయటికి పోతే తేరుకుంటుంది. చెరువు తూము అనుకోండి, తలుపు సరిగ్గా లేవకపోతే నీళ్లు పోవు. ఆ తలుపు కట్టే జన్యువులో తప్పుంటే గుండె తేరుకోవడం ఆలస్యమవుతుంది. ఈసీజీ గీతలో మలుపులకు క్యూ, టీ అని అక్షరాల పేర్లుంటాయి, ఆ క్యూ నుంచి టీ చివరిదాకా ఉన్న దూరం సాగుతుంది. లాంగ్ క్యూటీ అనే పేరు అందుకే. తేరుకోకముందే గుండె ఇంకోసారి కొట్టుకుంటే లయ మెలి తిరిగి, మెదడుకు రక్తం అందక మనిషి కూలిపోతాడు. లయ సర్దుకుంటే లేస్తాడు. లేకపోతే లేదు.

ఈ జబ్బులో మూడు రకాలు చెప్పాలని రాసుకొచ్చాను. మొదటిది పొటాషియం దారి కట్టే కేసీఎన్‌క్యూ1 అనే జన్యువులో తప్పు వల్ల వచ్చేది. పరుగు, ముఖ్యంగా ఈత దానికి పడవు. ఈత అంటే నా కాగితం పక్కకు పోతుంది, ఏమనుకోకండి.

మా తమ్ముడికి పుట్టు చెవుడు. అమ్మానాన్నలది మేనరికం. వాడు బెండు కట్టుకోకుండానే మోటబావిలో దుంకేవాడు. రెండుసార్లు గట్టు మీద పడిపోయాడు. "గాలి సోకింది" అని మా అవ్వ తాయెత్తు కట్టింది. పట్నంలో ఒక డాక్టరు ఫిట్స్ అని గోళీలు రాశాడు, మూడేండ్లు మింగాడు. 11 ఏళ్లప్పుడు, ఎండాకాలం, దుంకి పైకి రాలేదు. నేను గట్టు మీద మామిడికాయ ఉప్పుకారంతో తింటున్నాను. దమ్ము పట్టి నన్ను ఆడిస్తున్నాడనుకుని అంకెలు లెక్కపెట్టాను. నలభై దాకా.

ఈత రాక పోయాడని ఊరంతా అన్నది. వాడికా ఈత రానిది!

1957లోనే నార్వేలో జెర్వెల్, లాంగే-నీల్సన్ అనే డాక్టర్లు ఒక ఇంటి కథ రాశారు. ఆరుగురు పిల్లల్లో నలుగురికి చెవుడు, వాళ్లలో ముగ్గురు హఠాత్తుగా పోయారు. లోపలి చెవికీ అదే పొటాషియం దారి కావాలి. ఆ జన్యువుది తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడ్డ ప్రతి వస్తే చెవీ గుండే రెండూ దెబ్బతింటాయి. మేనరికంలో ఆ రెండూ కలిసే అవకాశం ఎక్కువ. మేనత్తలను తిట్టడానికి రాలేదు, నా భార్య కూడా మేనమామ కూతురే.

తమ్ముడిదీ అదే జబ్బని నేను నిరూపించలేను. ఈసీజీ తీయలేదు. నా కోపమంతా తీయించని ఆ ఈసీజీ కాగితం మీదే.

ఎవరిదో ఫోన్ మోగింది. పర్వాలేదమ్మా, ఆపకు. రెండో రకం వాళ్లు ఇలాంటి శబ్దానికే ఉలిక్కిపడి పడిపోవచ్చు. మూడో రకం వాళ్లకు ప్రమాదం ఎక్కువగా నిద్రలో. అయిపోయింది, మూడూ చెప్పేశాను.

మందులున్నాయి. ప్రొప్రనొలాల్, నాడొలాల్ పాత మాత్రలే. కొందరికి ఛాతీలో పరికరం పెడతారు. అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ లాంటివి క్యూటీని ఇంకా సాగదీస్తాయి కనుక ఈ జబ్బున్న వాళ్లు మెడికల్ షాపులో అడిగి కొనుక్కోకూడదు. చెవుడున్న పిల్లలందరికీ గుండె జబ్బు ఉండదు, టెన్షన్ పడకండి. కానీ పరుగెత్తుతూనో, ఈదుతూనో, ఉలిక్కిపడో పడిపోయిన పిల్లకు ఫిట్స్ గోళీ కంటే ముందు ఈసీజీ తీయించండి.

ప్రిన్సిపాల్ గారు గడియారం చూస్తున్నారు. నాలుగింటి బస్సు దాకా గేటు దగ్గర వేపచెట్టు కింద ఉంటాను. మీ ఇంట్లో అలా పడిపోయినవాళ్లు ఉంటే వచ్చి చెప్పండి.