టెస్టోస్టిరాన్ కాపలా కాస్తుందా?

తమ్ముడు: నమస్కారం. ఈ వారం గెస్ట్ కోసం వెతుక్కోలేదు. మా అక్క పండక్కి ఇంటికొచ్చింది. రుమటాలజిస్ట్, అంటే కీళ్ళవాతం, ఒంట్లో చాలా అవయవాల్ని పట్టే లూపస్ లాంటి జబ్బులు చూసే డాక్టర్. అరిసె తింటుంటే లాక్కొచ్చి మైకు ముందు కూర్చోబెట్టాను.

అక్క: సగం అరిసె ఇంకా వంటింట్లోనే ఉంది. తొందరగా అడుగు.

తమ్ముడు: నాకో జిమ్ ఫ్రెండ్ ఉన్నాడక్కా. పొద్దున లేవగానే నడుం బిగుసుకుపోయేది. బరువులెత్తడం వల్లే అనుకుని రెండేళ్ళు లాక్కొచ్చాడు. చివరికి ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్, అంటే వెన్నెముక కీళ్ళు వాచి బిగుసుకుపోయే జబ్బు అని తేలింది. ఇప్పుడేమో మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ తక్కువైతే ఇలాంటివి వస్తాయని ఎక్కడో చదివాడు. టెస్ట్ చేయించుకుంటే నిజంగానే కొంచెం తక్కువ వచ్చింది. ఇక జెల్ రాసుకుంటానంటున్నాడు.

అక్క: వాడి సంగతి చివర్లో చెప్తా. అయితే వాడు చదివింది పూర్తిగా అబద్ధం కాదు.

తమ్ముడు: అంటే ఈ ఆటోఇమ్యూన్ జబ్బులు, కంచే చేను మేసినట్టు...

అక్క: ఆ సామెత లేకుండా ఈ టాపిక్ ఎవరూ మొదలుపెట్టరేంట్రా! సరే, అదే. క్రిముల మీదికి వెళ్ళాల్సిన కణాలు మన కీళ్ళ మీద, థైరాయిడ్ మీద, కిడ్నీల మీద పడతాయి. మా ఓపీకి వచ్చి ఒక పూట కూర్చో, నీకే తెలుస్తుంది. హాల్లో మగాళ్ళు చాలామందే కనిపిస్తారు కానీ ఎక్కువమంది భార్యనో అమ్మనో తీసుకొచ్చినవాళ్ళు. ఇలాంటి జబ్బులున్నవాళ్ళలో దాదాపు అయిదుగురిలో నలుగురు ఆడవాళ్ళే. లూపస్‌లో అయితే పిల్లల్ని కనే వయసులో తొమ్మిది మంది ఆడవాళ్ళకి ఒక్క మగాడు.

తమ్ముడు: పిల్లల్ని కనే వయసులో అని ఎందుకన్నావ్?

అక్క: అక్కడే అనుమానం పుట్టింది కాబట్టి. యుక్తవయసు రాకముందు ఆ తేడా అంత ఉండదు. ముట్లు ఆగిపోయాక మళ్ళీ తగ్గుతుంది. హార్మోన్లు పెరిగేటప్పుడు పెరిగి, తగ్గేటప్పుడు తగ్గుతుంటే హార్మోన్లనే అనుమానిస్తాం కదా. అందరూ ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్ వైపే చూశారు. కానీ ప్రశ్నని తిప్పి కూడా అడగొచ్చు. ఆడవాళ్ళకి ఎందుకొస్తోంది అని కాదు, మగాళ్ళకి ఎందుకు రావట్లేదు అని.

తమ్ముడు: దానికి ఎలుకలే దిక్కు.

అక్క: ఎలుకలే. న్యూజిలాండ్ నల్ల ఎలుకనీ తెల్ల ఎలుకనీ కలిపి పుట్టించిన ఒక జాతి ఉంది. అందులో ఆడవాటికి లూపస్ లాంటి జబ్బు తొందరగా వచ్చి, కిడ్నీలు పాడై చచ్చిపోతాయి. మగవి చాలాకాలం బతుకుతాయి. 1978లో అమెరికాలో కొందరు శాస్త్రవేత్తలు మగ ఎలుకలకి చిన్నప్పుడే వృషణాలు తీసేశారు. అవీ ఆడవాటిలాగే తొందరగా జబ్బుపడ్డాయి. ఆడవాటికి మగ హార్మోన్లు ఇస్తే, అవి ఎక్కువకాలం బతికాయి.

తమ్ముడు: తాతయ్య చెప్పేవాడు కదా, విత్తులు కొడితే ఆంబోతు ఎద్దు అవుతుందని. పొగరు తగ్గుతుందని మాత్రమే తెలుసు. లోపల ఇంత జరుగుతుందా?

అక్క: ఇంకా పాత సంగతి చెప్పనా? 1898లోనే కాల్జోలారి అనే ఆయన, వృషణాలు తీసిన కుందేళ్ళలో థైమస్ పెద్దదవడం గమనించాడు. థైమస్ అంటే మనం స్కూల్లో బాలగ్రంథి అని చదువుకున్నదే, గుండెకి కాస్త పైన ఉంటుంది. క్రిముల మీదికి వెళ్ళే కణాలన్నానే, వాటిలో ఒక రకం టి-కణాలు. వాటికి అది బడి. అక్కడ ఇన్సులిన్, థైరాయిడ్ ప్రొటీన్ లాంటి మన ఒంటి సరుకునంతా ముక్కలుగా వాటికి చూపిస్తారు. ఎవడైనా వాటి మీద ఎగబడ్డాడనుకో, వాణ్ణి అక్కడే చంపేస్తారు.

తమ్ముడు: ఫెయిలైతే టీసీ ఇవ్వరా, ఏకంగా చంపేయడమేనా!

అక్క: టీసీ ఇచ్చి బయటికి పంపితే జబ్బు వస్తుంది మరి. అలా చూపించే పనికి ఎయిర్ అనే జన్యువు కావాలి. టెస్టోస్టిరాన్ దాని పని పెంచుతుందనీ, ఈస్ట్రోజన్ తగ్గిస్తుందనీ 2016లో వచ్చిన పరిశోధనలు చూపించాయి. అంటే మగ థైమస్‌లో వడపోత కొంచెం గట్టిగా ఉంటుందన్నమాట. యాంటీబాడీలు తయారుచేసే బి-కణాల కథ వేరే. వాటిని బతికించే బాఫ్ అనే ప్రొటీన్ ఒకటుంది. టెస్టోస్టిరాన్ దాన్ని అదుపులో పెడుతుందని 2018లో స్వీడన్ వాళ్ళు ఎలుకల్లో చూపించారు. లూపస్‌కి వాడే బెలిముమాబ్ మందు పట్టుకునేది కూడా ఈ బాఫ్‌నే.

తమ్ముడు: నాకైతే కేసు తేలిపోయింది. మా ఫ్రెండ్ చెప్పింది కరెక్ట్.

అక్క: ఆగరా. టొరంటోలో డయాబెటిస్ వచ్చే జాతి ఎలుకల మీద చేసిన పని విను, 2013లో. మన కణాలే ఇన్సులిన్ చేసే కణాల మీద పడే రకం డయాబెటిస్ అది. మగ ఎలుక పేగుల్లోని బ్యాక్టీరియాని చిన్న ఆడ ఎలుకలకి ఎక్కించారు. వాటిలో టెస్టోస్టిరాన్ పెరిగింది, డయాబెటిస్ తగ్గింది. ఆ హార్మోన్‌ని అడ్డుకునే మందిస్తే రక్షణ కూడా తగ్గింది. హార్మోన్ ఒంటరిగా పనిచేయదు, పేగుల్లో క్రిములతో కూడా దానికి లావాదేవీలున్నాయి. నాకు బాగా నచ్చిన ప్రయోగం ఇది. మనుషుల దగ్గరికి వచ్చేసరికి కథ ఇంత సాఫీగా నడవదు.

తమ్ముడు: ఎందుకని?

అక్క: కొందరు మగాళ్ళు ఒక ఎక్స్ క్రోమోజోమ్ ఎక్కువగా పుడతారు. ఎక్స్ ఎక్స్ వై. క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ అంటారు. మామూలు మగాళ్ళతో పోలిస్తే వీళ్ళకి లూపస్ ముప్పు దాదాపు 14 రెట్లని 2008లో లెక్కగట్టారు. వీళ్ళలో టెస్టోస్టిరాన్ తక్కువ. కానీ ఎక్స్‌లు రెండు. దోషి ఎవరు?

తమ్ముడు: రెండోది... లేదు, రెండూ.

అక్క: రెండూ అనే ఇప్పుడు అనుకుంటున్నాం. ఆడవాళ్ళలో రెండు ఎక్స్‌లలో ఒకదాన్ని నిద్రపుచ్చడానికి గ్జిస్ట్ అనే ఆర్‌ఎన్‌ఏ ఉంటుంది. మగాళ్ళకి దాని అవసరమే లేదు. స్టాన్‌ఫర్డ్ వాళ్ళు దాన్ని మగ ఎలుకల్లో పనిచేయించి, పైన జబ్బుని రెచ్చగొట్టే రసాయనం ఇచ్చారు. జబ్బు తేలిగ్గా వచ్చే జాతిలో ఆ మగవాటికీ లూపస్ లాంటిది గట్టిగానే వచ్చింది. 2024లో వచ్చిన పేపర్ అది. వాటి వృషణాలు వాటికే ఉన్నాయి, టెస్టోస్టిరాన్ ఉంది. అయినా ఆపలేకపోయింది.

తమ్ముడు: మరి మనుషులకి ఎవరూ ఇచ్చి చూడలేదా?

అక్క: చూశారు. మన కణాలే మెదడు, వెన్నుపాము మీద పడే జబ్బు మల్టిపుల్ స్క్లిరోసిస్. లాస్ ఏంజిలిస్‌లో అది ఉన్న పదిమంది మగాళ్ళకి రోజుకి 100 మిల్లీగ్రాముల జెల్, 12 నెలలు. 2007లో ఫలితాలు వచ్చాయి. ఆలోచనాశక్తి కొంచెం మెరుగైంది, మెదడు కుంచించుకుపోవడం నెమ్మదించింది. ఆశ పుట్టించే ఫలితమే. కానీ పదిమందే, పోల్చుకోవడానికి ఉత్తుత్తి జెల్ రాసుకున్న గుంపు లేదు. అంతదానికి నేను ప్రిస్క్రిప్షన్ రాయను. డానజాల్ అని మగ హార్మోన్ లాంటి మందు ఒకటుంది, ప్లేట్‌లెట్లు పడిపోయే ఐటీపీలో కొందరికి వాడతాం. ఆడవాళ్ళకైతే గొంతు మారుతుంది, మొహం మీద వెంట్రుకలొస్తాయి.

తమ్ముడు: అయినా మావాడికి తక్కువుంది కదా అక్కా, రిపోర్టులో.

అక్క: జబ్బు వల్ల తగ్గిందా, తగ్గడం వల్ల జబ్బొచ్చిందా? ఒంట్లో వాపు రగులుతుంటే టెస్టోస్టిరాన్ దానంతటదే పడిపోతుంది. లూపస్‌కో కీళ్ళవాతానికో నెలల తరబడి స్టెరాయిడ్ మింగేవాళ్ళకి ఇంకా పడిపోతుంది. నిద్ర లేకపోయినా, పొట్ట పెరిగినా అంతే. అసలు రక్తం ఎన్ని గంటలకి ఇచ్చాడు?

తమ్ముడు: ఆఫీసు నుంచి వస్తూ ఇచ్చాడు. సాయంత్రం అయిదున్నర ఉంటుంది.

అక్క: అదిగో. ఈ హార్మోన్ పొద్దునే ఎక్కువుంటుంది, సాయంత్రానికి తగ్గుతుంది. ఏమీ తినకుండా పొద్దున్నే ఇవ్వాలి, అదీ వేరే రోజు మళ్ళీ ఒకసారి. రెండుసార్లూ తక్కువొస్తే అప్పుడు ఎండోక్రైనాలజిస్ట్, అంటే హార్మోన్ల డాక్టర్ చూడాలి. పెళ్ళైందా వాడికి?

తమ్ముడు: మొన్న శ్రావణంలోనే అయింది.

అక్క: అయితే ఇది తప్పకుండా చెప్పు. బయటినుంచి టెస్టోస్టిరాన్ వస్తుంటే, సరుకు చాలినంత ఉందనుకుని మెదడు ఆర్డర్లు ఆపేస్తుంది. లోపలి మిల్లు మూతపడుతుంది. వీర్యకణాలు పడిపోతాయి. పిల్లలు కావాలనుకునేవాడు జెల్ జోలికి వెళ్ళకూడదు.

తమ్ముడు: వామ్మో. జిమ్‌లో ఇది ఎవరూ చెప్పరు.

అక్క: ఇంకోటి. వాడి జబ్బుని అచ్చంగా ఆటోఇమ్యూన్ అనాలా అని మాలో మాకే వాదన ఉంది. కానీ ఆ స్పాండిలైటిస్ ఎవరిలో ఎక్కువో తెలుసా? మగాళ్ళలో. ఆడవాళ్ళకంటే రెండు మూడు రెట్లు అని చాలాకాలంగా రాస్తూ వచ్చారు, ఆడవాళ్ళలో సరిగా గుర్తుపట్టట్లేదని ఇప్పుడు ఆ తేడా తగ్గిస్తున్నారనుకో. టెస్టోస్టిరాన్ అంత గొప్ప కాపలాదారు అయితే, ముందు వాడి నడుమునే కాపాడాలి కదా!

తమ్ముడు: మొదట్లోనే ఈ ముక్క చెప్తే ఎపిసోడ్ రెండు నిమిషాల్లో అయిపోయేది. సరే, వాడికి లింక్ పంపిస్తా.

అక్క: లింక్ కాదు, ఫోన్ చెయ్యి. ఎనిమిదింటికల్లా ల్యాబ్‌లో ఉండాలి, అలారం పెట్టుకోమను.