వాలెన్సియా తర్వాత కూడా నెవిల్ మాట వినాలా?

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు ఇంగ్లండ్ మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు, టీవీ విశ్లేషకుడు గ్యారీ నెవిల్ గురించి మాట్లాడుకుందాం. 1992 నుంచి 2011 వరకు మాంచెస్టర్ యునైటెడ్‌కు 602 మ్యాచ్‌లు, ఇంగ్లండ్‌కు 85 ఆడాడు. మైదానంలో పెద్దగా మెరుపుల్లేని ఈ మనిషి టీవీలో ఇంతగా ఎలా రాణించాడు?

మాజీ డిఫెండర్: మెరుపుల్లేకపోవడం వల్లే అనుకుంటాను. ఆయన రైట్ బ్యాక్, అంటే కుడి అంచున రక్షణ కాచేవాడు. ముందు బెక్‌హామ్. బంతి బెక్‌హామ్ కాళ్ల దగ్గర ఉండగా నెవిల్ అంచు వెంబడి ముందుకు పరుగెత్తేవాడు. చాలాసార్లు బంతి తనకు రాదు, వెనక్కి తిరిగి రావాల్సిందే. కానీ ప్రత్యర్థి డిఫెండర్ ఒకడు ఆ పరుగు వెంట పోతాడు, బెక్‌హామ్‌కు అంచు నుంచి గోల్ ముందుకు క్రాస్ కొట్టే చోటు దొరుకుతుంది. బంతి లేనిచోట ఏం జరుగుతుందో ఇన్నేళ్లు చూసినవాడికి విశ్లేషణ కొత్త కాదు.

పాత్రికేయురాలు: మీరు మీ డిఫెండర్ల జాతి పక్షమే మాట్లాడతారు లెండి. (నవ్వులు) అయితే ఒక మాట నిజం. గోల్ పడగానే ‘అద్భుతం’ అని ఊరుకునే పాత ఆటగాళ్లను చాలామందిని చూశాం. బ్రిటన్ టీవీ చానల్ స్కైలో సోమవారం రాత్రి కార్యక్రమంలో నెవిల్ తెర మీది దృశ్యాన్ని ఆపి, గోల్‌కు మూడు పాస్‌ల ముందు ఎవడు నిద్రపోయాడో చూపించాడు. 2013లో యునైటెడ్‌కు బద్ధ ప్రత్యర్థి లివర్‌పూల్ డిఫెండర్ క్యారగర్ వచ్చి చేరాక పోట్లాట కూడా తోడైంది.

వ్యాఖ్యాత: మరి స్పెయిన్ క్లబ్బు వాలెన్సియా?

పాత్రికేయురాలు: అక్కడికే వస్తున్నాను. 2015 డిసెంబరులో కోచ్‌గా వెళ్లాడు. స్పానిష్ రాదు. లీగ్‌లో 16 మ్యాచ్‌లకు గెలిచినవి మూడు. స్పెయిన్ కప్పు కోపా డెల్ రే సెమీఫైనల్లో బార్సిలోనా చేతిలో 7-0. 2016 మార్చి చివరికి ఉద్యోగం పోయింది. గట్టు మీద నిలబడి ఈత నేర్పినవాడు ఏట్లో దిగి మునిగాడు!

మాజీ డిఫెండర్: దిగాడు కదండీ! దిగనివాళ్లే ఎక్కువ. పైగా ఆటను చదవడం వేరు, పాతికమంది ఆటగాళ్లను నడపడం వేరు. వైద్యుడికి జ్వరం వస్తే ఆయన రాసిన మందులు పారబోస్తామా?

పాత్రికేయురాలు: పారబోయం. కానీ అదే ఏడాది జూన్‌లో ఐస్‌లాండ్ చేతిలో ఇంగ్లండ్ ఓడి ఐరోపా దేశాల టోర్నీ యూరో నుంచి వెళ్లిపోయినప్పుడు సహాయ కోచ్ కూడా ఆయనే. ఒక జ్వరం కాదు, రెండు.

వ్యాఖ్యాత: అయినా మళ్లీ తెర మీదికి వచ్చాడు, జనం విన్నారు.

మాజీ డిఫెండర్: 2021 ఏప్రిల్‌లో ఐరోపా పెద్ద క్లబ్బులు తమకోసం పెట్టుకోబోయిన సూపర్ లీగ్ ప్రకటన వచ్చినరోజు తన సొంత క్లబ్బునే నిలదీశాడు. అందులో చేరిన ఆరు ఇంగ్లిష్ క్లబ్బుల్లో మాంచెస్టర్ యునైటెడ్ ఒకటి. రెండు రోజుల్లో ఆరూ వెనక్కి తగ్గాయి. అది అభిమానుల ఘనతే. అయినా ఆ రోజు వాళ్ల కోపానికి గొంతు ఇచ్చింది ఈయన.

పాత్రికేయురాలు: ఆ ప్రసంగం నాకూ నచ్చింది. అయితే పాత సహచరులతో కలిసి ఆయన కొన్న చిన్న క్లబ్బు సాల్ఫర్డ్ సిటీ 2019లో ఇంగ్లండ్ నాలుగో అంచె లీగ్ టూకు చేరింది. ఆ ఎదుగుదల వెనుక సింగపూర్ కుబేరుడు పీటర్ లిమ్ డబ్బు ఉంది. వాలెన్సియా యజమానీ ఆయనే! చిన్న క్లబ్బుల మీద డబ్బుతో గెలిచినవాడు పెద్ద క్లబ్బుల దురాశ గురించి మాట్లాడితే నాకు కాస్త ఇబ్బందిగా ఉంటుంది.

మాజీ డిఫెండర్: సాల్ఫర్డ్ మెట్టు మెట్టుగా గెలిచి పైకి వచ్చింది. సూపర్ లీగ్‌లో వ్యవస్థాపక క్లబ్బులకు కిందికి జారే భయమే లేదు. రెండూ ఒకటి ఎలా అవుతాయి?

వ్యాఖ్యాత: ఆ జవాబు విరామం తర్వాత వినాలి. ఫోనులో ఒక ప్రేక్షకుడు ఎదురుచూస్తున్నారు. ఆయన లివర్‌పూల్ అభిమానట.

మాజీ డిఫెండర్: అయితే విరామం కొంచెం పెద్దదే ఇవ్వండి.