మెదడులో నరం చిట్లాక మెగ్నీషియం ఎక్కిస్తే చెయ్యి వస్తుందా?

యాంకర్: భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసే రైతు మనతో ఉన్నారు. మూడు నెలల క్రితం వాళ్ల నాన్నగారికి మెదడులో రక్తస్రావం అయింది. చెప్పండి.

రైతు: తెల్లారుజామున నూతి గట్టు దగ్గర కూలబడిపోయారండి. కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. నెలరోజులుగా బీపీ బిళ్లలు మానేశారని తర్వాత తెలిసింది. రిపోర్టులో మెగ్నీషియం 1.4 అని ఉంది. మా చెరువులో మెగ్నీషియం తగ్గితే రొయ్య వంకర తిరిగిపోతుందండి, మినరల్స్ చల్లితే తేరుకుంటుంది. నాన్నకీ అలాగే ఎక్కిస్తే...

న్యూరాలజిస్ట్: మీ ఆశ నాకు అర్థమైందండి. వంద మిల్లీలీటర్ల రక్తంలో మెగ్నీషియం సుమారు 1.7 నుంచి 2.2 మిల్లీగ్రాములు ఉండాలి. రక్తం గడ్డకట్టడంలో దానికీ పాత్ర ఉంది. 2017లో చికాగో వైద్యులు ఇలా మెదడులో రక్తస్రావం అయిన 290 మందిని చూశారు. మెగ్నీషియం తక్కువున్నవాళ్లకి మెదడులో రక్తం ఎక్కువ చేరింది, మూడు నెలలకి కోలుకోవడమూ తక్కువే. అయితే దానివల్లే అలా అయిందని ఆ లెక్క చెప్పదు. ఎక్కించి చూసిన పరీక్ష వేరే ఉంది. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో పక్షవాతం లక్షణాలున్న 1700 మందిలో సగం మందికి అంబులెన్సులోనే, లక్షణాలు కనిపించిన రెండు గంటల్లోపే మొదలుపెట్టారు. అందులో రక్తస్రావం అయినవాళ్లు నాలుగో వంతుకి దగ్గరగా ఉన్నారు. 90 రోజులకి చూస్తే మొత్తం మీద తేడా రాలేదు.

రైతు: అంటే 1.4ని వదిలెయ్యడమేనా అండి?

న్యూరాలజిస్ట్: అయ్యో, వదలం. లోటు పూడుస్తాం, ఎందుకు తగ్గిందో వెతుకుతాం. తాగుడు అలవాటు, విరేచనాలు, ఏళ్ల తరబడి వేసుకునే గ్యాస్ బిళ్లలు, ఒంట్లో నీరు తీసే బిళ్లలు. సొంతంగా మాత్రం కొని వెయ్యకండి, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో అది పేరుకుపోతుంది. నాన్నగారికి ఇప్పుడు ప్రాణం కాచేది ఆ బీపీ బిళ్లే. రోజూ మీ చేత్తో ఇవ్వండి.

ఫిజియోథెరపిస్ట్: చెయ్యి సంగతి నేను చెప్తాను. పళ్లెంలో చింతపిక్కలు పోసి, కుడి చేత్తోనే ఒక్కొక్కటి తీసి గిన్నెలో వెయ్యమనండి. ఎడమ చెయ్యి సాయం రానివ్వొద్దు.

రైతు: మొన్న మీరు చెప్పిన దగ్గర్నుంచీ చేయిస్తున్నానండి. నిన్న ఆరు వేశారు. ఏడోది గిన్నె అంచు దాకా తెచ్చి జారవిడిచారు. నేను తీసివ్వబోతే వద్దన్నారు.